రిసార్టు చలిమంట చుట్టూ థింసా: ఆసరానా, ఆటబొమ్మలాటా?

విశాఖ రైలు:
సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో అరకు వెళ్లొచ్చాం. రాత్రి రిసార్టులో చలిమంట వేశారు. ఊరి ఆడవాళ్లు వచ్చి, ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని థింసా, అదే అక్కడి గిరిజనుల ఆట, మొదలుపెట్టారు. రెండు నిమిషాలు కాలేదు, మావాళ్లు లేచి మధ్యలో దూరి గంతులు. ఆ తర్వాత స్పీకర్లో సినిమా పాట పెట్టి దానికి ఆడమన్నారు. ఆడారు. నేనూ వీడియో తీశాననుకోండి, అది వేరే సంగతి. హోటళ్లు స్థానిక కళాకారులకి ఇచ్చే ఆసరా అంటే ఇదేనా? వద్దందామంటే ఉన్న ఆ నాలుగు రూపాయలూ పోతాయేమో.

గదుల లెక్క:
అరకు వైపే ఒక చిన్న హోటల్లో మేనేజరుని. గది బుక్ చేసేటప్పుడే "థింసా ఉందా?" అని అడుగుతారు. మాకు సందడంతా చలికాలమే, అదీ శనాదివారాలు. ఆ రాత్రుల్లో గుంపుకి పని దొరుకుతోంది. మేం పిలవకపోతే ఎవరు పిలుస్తారు? గంటసేపు ఆడిస్తే గెస్టు కూర్చోడు, ఇరవై నిమిషాలకే ఫోన్ చూసుకుంటాడు. జాలిపడటం తేలిక, రాత్రికి డబ్బు కట్టేది మేమే.

కొండదారి:
మాది అరకు దగ్గర ఊరే. మా పిన్ని ఆ గుంపుల్లోనే ఆడతాది, అందుకే రాస్తన్నాను. థింసా అంటే ఒక్క ఆట కాదు. బాగ్ థింసా ఉంది, పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో అందులో చూపిస్తారు. చైత్రంలో ఇటుకల పండక్కి, అంటే మా వేట పండక్కి ఆడతాం, పెళ్లిళ్లకి ఆడతాం, ఆడా మగా కలిసి. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు, ఈ వాయిద్యాలన్నీ ఉండాలి. రిసార్టుకి వెళ్లేది మాత్రం డప్పూ తుడుమే. మనిషి తగ్గితే గుంపుని కుదిర్చే ఏజెంటుకి మిగులు కదా, మోరి ఊదే తాతని ఇంటి దగ్గరే వదిలేస్తాడు.

పిన్నిని అడిగాను, సినిమా పాటకి ఆడితే పరువు తక్కువ అనిపించదా అని. "పరువు సంగతి తర్వాత, చలి" అంది. ఏడింటికి రమ్మంటారు. టూరిస్టు బస్సు ఆలస్యమైతే పదింటిదాకా గేటు పక్కనే నిలబడాలి. లోపల భోజనాలవుతుంటాయి, వీళ్లకి టీ కూడా ఉండదు. చివరికి మొత్తం గుంపు చేతికొచ్చేది ఆ రిసార్టులో ఒక గది ఒక్క రాత్రి అద్దెలో సగం కూడా కాదు.

తోలుబొమ్మ దీపం:
మాది ధర్మవరం వైపు. పక్కనే నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలు బొమ్మలతో ఒకప్పుడు తెల్లవార్లూ రామాయణం ఆడిన కుటుంబాలవి. ఇప్పుడు అదే తోలుతో దీపాల షేడ్లూ గోడ బొమ్మలూ చేస్తున్నారు, పెద్ద హోటళ్ల లాబీల్లోకీ వెళ్తున్నాయి. కూడు పెట్టింది ఆ దీపమే, కాదనను. పిల్లలు ఉలి పట్టడం నేర్చారు. కానీ పద్యం? బంగారక్క, జుట్టుపోలిగాడు బొమ్మలు తెర మీద తిట్టుకుంటుంటే మా అవ్వ కడుపు పట్టుకుని నవ్వేది. ఆ తిట్లు దీపం మీద ఎలా చెక్కుతారు? తోలు మిగిలింది, ఆట పల్చబడింది. ఇరవై నిమిషాల థింసాకీ రేపు ఇదే గతి.

గదుల లెక్క:
కుదించడమే తప్పయితే కొచ్చిలో కథకళిని ఏమంటారు? రాత్రంతా సాగే ఆటని టూరిస్టుల కోసం గంటా గంటన్నరకి కుదించారు. ముందుగా వస్తే రంగులు పూసుకోవడం కూడా చూడనిస్తారు, ముద్రలేమిటో చెప్తారు. టికెట్ కొని చూస్తున్నారు.

తోలుబొమ్మ దీపం:
కేరళలో 1930 నుంచి కథకళి నేర్పే బడి, కళామండలం ఉంది సార్. పూర్తి ఆట నేర్చినవాడు దాన్ని కుదిస్తాడు. ఇక్కడ ముక్కే మొత్తమైపోతుంది.

కొండదారి:
అన్నా, మీ ఊరి బాధ అర్థమైంది గానీ దాన్ని మాకు పూయకండి. మాకు థింసా నేర్పడానికి ఏ బడీ అక్కర్లేదు, చైత్రంలో వచ్చి చూడండి, తెల్లారినా ఆపరు. రిసార్టు మానేసినా అది పోదు. రిసార్టులో ఆడితే మైలపడీ పోదు. పిన్ని దాన్ని కూలిపనిలాగే చూస్తాది. కూలికి సరిపడా కూలి అడుగుతున్నాం, అంతే. ఎన్నింటికో కచ్చితంగా చెప్పండి. మోరి తాతని పిలవండి. గెస్టులు ఆట అయ్యాక లేచి కలవమనండి, మధ్యలో కాదు. డబ్బు ఏజెంటుకి కాదు, గుంపుకివ్వండి.

కాఫీ తోట:
మార్చిలో వస్తున్నాం. థింసా ఉన్న రిసార్టు ఏదో చెప్పగలరా?

విశాఖ రైలు:
పైన ఏం మాట్లాడుతున్నామో ఒకసారి చదవండి సార్.

గదుల లెక్క:
సినిమా పాట ఆపడం నా చేతిలో పనే, ఈ వారం నుంచే ఆపేస్తా. టీ, భోజనం కూడా పెట్టిస్తా, సిగ్గుగానే ఉంది. చిక్కంతా డబ్బు దగ్గర. ఓనరుకి బిల్లు కావాలి, ఒకే ఖాతా కావాలి. ఏజెంటు బిల్లు ఇస్తాడు, అందుకే వాడు మధ్యలో ఉన్నాడు. పదిహేను మందికీ విడివిడిగా ఇవ్వమంటే మా అకౌంటెంటు ఒప్పుకోడు.

కొండదారి:
పిన్నివాళ్ల మహిళా సంఘానికి బ్యాంకు ఖాతా ఉంది. రసీదు పుస్తకం కూడా ఉంది. మీరు ఇన్నాళ్లూ ఏజెంటుని అడిగారు గానీ ఊళ్లోకి ఎప్పుడైనా వచ్చారా?

గదుల లెక్క:
రాలేదమ్మా. ఆదివారం చెకౌట్లు అయ్యాక వస్తాను.

కొండదారి:
సోమవారం సాయంత్రం రండి. ఆదివారం రాత్రి ఆడొచ్చి పడుకుంటారు. తాత ఉంటాడు, మోరి కూడా వినొచ్చు.