వాల్వ్ మార్చాక ఎసిట్రోమ్: ఐఎన్ఆర్ నిలకడగా ఉండాలంటే మీరేం చేస్తున్నారు?

పెద్దకూతురు
అమ్మకు 48 ఏళ్లు. ఆగస్టులో గుండెలో మైట్రల్ వాల్వ్ (కవాటం) మార్చారు, మెటల్ వాల్వ్. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. ఆరోగ్యశ్రీ మీదే అయింది. కుట్లు మానాయి, ఇంట్లో మెల్లగా పనులు చేసుకుంటోంది. బాధంతా ఐఎన్ఆర్‌తోనే. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే టెస్టు అంకె అది, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు డాక్టరు గారు. మొదటిసారి 2.7. తర్వాత 1.6. డోసు పెంచారు. పదిహేను రోజులకు 4.8! రెండు రోజులు మాత్ర ఆపించి, మళ్లీ తగ్గించి మొదలుపెట్టారు.
ఇంట్లో తలా ఒక మాట. ఆకుకూర ముట్టకూడదని మేనత్త. అసలే నీరసంగా ఉన్న మనిషికి రక్తం పలచబడే మందేంటని పక్కింటావిడ. పొద్దున పళ్లు తోముకుంటే అమ్మకు చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లుంటే చెప్పండి, ప్లీజ్.

గోంగూర మానేసినవాడు
నాకు ఆపరేషనై ఆరేళ్లు. తోటకూర, పాలకూర, గోంగూర, పచ్చళ్లో పుదీనా కూడా బంద్. నోరు కట్టేసుకోవడమే మందు.

ఓరుగల్లు మాస్టారు
అమ్మా, కంగారు పడకండి. మొదటి మూడు నాలుగు నెలలు అందరికీ ఇంతే. నాకు చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వ్ పాడైంది, 2003లో మార్చారు. నాది మన దేశంలో తయారైన వాల్వే. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థవాళ్లు రూపొందించింది, 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇన్నేళ్లుగా నా ఛాతీలో తలుపు తీస్తూ మూస్తూనే ఉంది పాపం.
పైన తమ్ముడు చెప్పినదానితో నేను ఒప్పుకోను. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను కాలేయం దానితోనే తయారుచేస్తుంది. ఎసిట్రోమ్ చేసే పని ఆ విటమిన్‌కు అడ్డుపడటం. మీరు ఎంత తింటారో దానికి తగ్గట్టే డాక్టరు డోసు కుదురుస్తాడు. కాబట్టి మానడం కాదు, మార్చకపోవడం ముఖ్యం. మా ఇంట్లో బుధవారం, శనివారం ఆకుకూర పప్పు, ఇరవై ఏళ్లుగా అదే. పూర్తిగా మానేసినవాళ్లకే చిక్కు. పెళ్లి భోజనంలో ఒక్కసారి గోంగూర దట్టించారంటే అంకె ఊగుతుంది.
ఇంకోటి. రక్తం పలచబడటం అనేది మనం పెట్టుకున్న పేరే. ఆ మాత్రతో రక్తం నీళ్లలా అవదు, గడ్డకట్టడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. మందు వాడనివాళ్లకు ఐఎన్ఆర్ 1 దగ్గర ఉంటుంది. నీరసానికి హిమోగ్లోబిన్ వేరే చూపించుకోండి, ఈ రెండూ కలపకండి.
1.6కు, 4.8కు ముందు వారాల్లో అమ్మ తిండిలో, మందుల్లో ఏం మారిందో గుర్తు చేసుకుని రాయండి.

ల్యాబ్ తమ్ముడు
అక్కా, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మూడుసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించారా? పీటీ ఐఎన్ఆర్‌కు నీలం మూత ట్యూబు వాడతాం. దాంట్లో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు అన్న లెక్కన గీత దాకా రక్తం పడాలి. నరం దొరక్క సగం ట్యూబుతో సరిపెడితే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈసారి తీసేటప్పుడు ట్యూబు చూడండి, గీత దాకా రాకపోతే మళ్లీ తీయమని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పెద్దకూతురు
మాస్టారు గారూ, నమస్కారం. మీరు అడిగాక నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ కూపీ లాగాను.
1.6 రాకముందు పెద్దమ్మ ఊరి నుంచి సీసాడు మునగాకు పొడి పంపింది, "రక్తం పడుతుంది" అని. మూడు పూటలా మొదటి ముద్ద దాంతోనేనట! నాకు తెలియనే తెలియదు.
1.6 వచ్చాక మేనత్త ఆకు అన్నదే ఇంట్లోకి రానివ్వలేదు. అటు డోసు పెరిగింది. అదే సమయంలో అమ్మకు విరేచనాలు పట్టుకుంటే మా వీధి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లింది. ఆయన ఐదు రోజులకు మాత్రలిచ్చాడు. ఖాళీ స్ట్రిప్పు అల్మారాలో దొరికింది, దాని మీద మెట్రోనిడజోల్ అని ఉంది. ల్యాబ్ ఒకటే తమ్ముడూ.

ఓరుగల్లు మాస్టారు
దొంగ దొరికాడు! ఒకడు కాదు, ముగ్గురు. మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. పైగా విరేచనాలు, తిండి సరిగా లేకపోవడం. వాటికి తోడు పెరిగిన డోసు. ఈ కథ మొత్తం మీ డాక్టరుకు చెప్పండి, ఆయన 1.6ను చూసి డోసు పెంచాడే తప్ప మునగాకు సీసాను చూడలేదు కదా.

కాకినాడ కాజా
మెడికల్ షాపులో పనిచేస్తాను, అందుకని ఇది కాస్త గట్టిగా చెబుతాను. ఏ కొత్త మాత్ర ఇచ్చినా "వాల్వ్ ఉంది, ఎసిట్రోమ్ వాడుతున్నాను" అని మీరే ముందు చెప్పాలి. అవతలివాళ్లు అడుగుతారని ఆగొద్దు. సెప్ట్రాన్ లాంటి సల్ఫా మాత్రలు, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, గుండె దడకు ఇచ్చే అమియోడరోన్ ఐఎన్ఆర్ పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమాజెపిన్ తగ్గిస్తాయి. తప్పనిసరై వాడాల్సి వస్తే నాలుగైదు రోజుల్లో ఒకసారి టెస్టు చేయించుకోవాలి, కోర్సు అయిపోయాక ఇంకోసారి.
ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, బ్రూఫెన్ జోలికి పోవద్దు. కడుపులో రక్తం కారే ప్రమాదం. పారాసిటమాల్ నయం. అదీ రోజుల తరబడి నిండు డోసు వాడితే ఐఎన్ఆర్‌ను కదుపుతుంది. ఆర్ఎంపీ తుంటికి వేసే సూది మాత్రం అసలొద్దు, కండలో రక్తం గడ్డకట్టి వాచిపోతుంది.
మాత్రల్లో 1, 2, 3, 4 మిల్లీగ్రాములవి ఉన్నాయి. స్ట్రిప్పు మీద అంకె చదివే వేసుకోండి. చీటీ మీద 1/2 అని రాస్తే సగం మాత్ర అని అర్థం. దాన్ని "ఒకటి లేదా రెండు" అనుకుని రోజుకు రెండేసి మింగిన తాతగారిని నేనే చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలిపోయి వచ్చాడు.

టిక్‌టిక్ గుండె
ఎక్కువైతే భయపడతాం, తక్కువైతే "పర్లేదులే" అనుకుంటాం. నా సంగతి వినండి. మా చెల్లి పెళ్లి హడావుడిలో ఐదారు రోజులు మాత్ర వేసుకోలేదు. నాకు ఆపరేషనయిన దగ్గర్నుంచి రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే వాల్వ్ చప్పుడు వినిపించేది. మా ఆవిడ దానికి అలవాటు పడిపోయింది. పెళ్లి అయిన వారానికి ఒక రాత్రి "ఏమండీ, మీ గడియారం ఆగిందేంటి" అంది. నిజమే, టిక్కుమనడం లేదు, మొద్దుగా ఏదో. పొద్దునకు రెండు మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రిలో ఎక్స్‌రే లాంటి మెషీన్ కింద పడుకోబెట్టి చూపించారు: రెండు రెక్కల్లో ఒకటి ఆడుతోంది, ఇంకోటి బిగుసుకుపోయింది. గడ్డ పట్టేసిందట. కరిగించే మందు సెలైన్‌లో ఎక్కించారు, ఐసీయూలో నాలుగు రోజులు. బతికాను.
చప్పుడు మారినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

బందరు బాబాయ్
ఈ టెస్టుల గొడవ లేని కొత్త మాత్రలు వచ్చాయంటగా? మా బావగారు వాడుతున్నారు, ఆయనకు గుండె దడ. అవి రాయించుకోవచ్చుగా?

కాకినాడ కాజా
బాబాయ్, మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు అవి వద్దు. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇలాంటి రోగుల మీద పరీక్షించి మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. ఇంకో కొత్త మాత్ర ఎపిక్సాబాన్‌తో చేసిన పరీక్ష కూడా 2022లో అలాగే ఆగింది. మీ బావగారి జబ్బు వేరు.

డల్లాస్ కొడుకు
అమెరికాకు అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్ల కోసం ఒక మాట. ఎసిట్రోమ్ ఇక్కడ దొరకదు. ఇక్కడంతా అదే పని చేసే వార్ఫరిన్. నాన్న నాలుగు నెలలకు సరిపడా తెచ్చుకున్నారు కానీ ఆరు నెలలున్నారు. వార్ఫరిన్‌కు మార్చేటప్పుడు డాక్టరు మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము వేయలేదు, వార్ఫరిన్ డోసు ఎక్కువ పడుతుందట. నెలరోజులు వారం వారం టెస్టు చేయించుకోవాల్సి వచ్చింది. ఉండే రోజులకంటే ఓ నెల ఎక్కువే తెప్పించండి, చీటీతో సహా, చేతి సంచిలో. వేలికొనపై గుచ్చి ఇంట్లోనే ఐఎన్ఆర్ చూసుకునే మెషీన్ కొన్నాను. సుఖమే కానీ స్ట్రిప్పుల ధర మాత్రం గుండె ఆపేలా ఉంది.

మూడు ముళ్లకు ముందు
నేను చదువుతూ ఉంటానే గానీ ఎప్పుడూ రాయలేదు. నాకు 26. పిల్లలు కావాలనుకుంటున్నానని చెబితే మా సర్జన్ టిష్యూ వాల్వ్ (మెటల్‌ది కాదు, జంతు కణజాలంతో చేసింది) సూచించారు. మూడు నెలలే ఎసిట్రోమ్ వాడాను, ఇప్పుడు ఆస్పిరిన్ ఒక్కటే. కాకపోతే పది పదిహేనేళ్లకు అది అరిగితే మళ్లీ ఆపరేషన్. తెలిసే ఒప్పుకున్నాను.
మెటల్ వాల్వ్ ఉన్న అమ్మాయిలు నెల తప్పాక కాదు, తప్పకముందే డాక్టరుతో మాట్లాడాలి. ముఖ్యంగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా ఈ మందు బిడ్డకు హాని చేయొచ్చు. అలాగని సొంతంగా ఆపితే తల్లి ప్రాణానికి ముప్పు. ఆ వారాల్లో గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లకు మార్చేది లేనిది వాళ్లే చూస్తారు.

గోంగూర మానేసినవాడు
మాస్టారూ, నేను ఆరేళ్లుగా వృథాగా నోరు కట్టుకున్నానా? ఇప్పుడు మొదలుపెట్టనా?

ఓరుగల్లు మాస్టారు
రేపే బుట్టెడు వండించకండి స్వామీ! డాక్టరుకు చెప్పి, వారానికి ఇంత అని అనుకుని మెల్లగా మొదలుపెట్టండి. వారం పది రోజులకు టెస్టు చేయించండి, డోసు మార్చాల్సి రావచ్చు.
పెద్దకూతురు గారూ, నా పద్ధతి చెబుతాను. గోడ మీద తిథుల క్యాలెండరు. రాత్రి ఏడింటికి మాత్ర వేసుకున్నాకే ఆ తేదీ మీద టిక్కు. నాది ఒక రోజు 2, ఒక రోజు 3 మిల్లీగ్రాములు. అవి కూడా గడుల్లో ముందే రాసి పెట్టుకుంటాను. సాయంత్రం ఎందుకంటే, పొద్దున టెస్టు చేయిస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డోసు మార్చినా అదే రోజు మార్చొచ్చు. మర్చిపోయి అదే రాత్రి గుర్తొస్తే వేసుకుంటాను. మర్నాడు గుర్తొస్తే వదిలేస్తాను, రెండూ కలిపి మాత్రం వేయను. మార్చిన డోసు ప్రభావం కనపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి రోజూ టెస్టు చేయించి బెంగ పడొద్దు.
చిగుళ్లకు మెత్తటి బ్రష్ వాడమనండి. పన్ను తీయించాల్సి వస్తే దంతవైద్యుడికి వాల్వ్ సంగతి ముందే చెప్పాలి, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. నల్లగా తారులాంటి విరేచనం, మూత్రంలో ఎరుపు, తలకు దెబ్బ: ఈ మూడింటికీ ఆలోచించొద్దు, ఆసుపత్రికే. తలకు తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా సరే.

పెద్దకూతురు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇవాళ 2.9! డాక్టరు గారికి మునగాకు, మెట్రోనిడజోల్ రెండూ చెబితే నవ్వి, మొదటి డోసుకే తీసుకొచ్చారు. చిగుళ్ల రక్తం లేదు. బుధవారం, శనివారం తోటకూర పప్పు. మునగాకు సీసా పక్కింటావిడకు ఇచ్చేశాం.
ఇంకో సందేహం. ఆపరేషన్ బాగా జరిగితే తిరుపతిలో తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుందట. బ్లేడు కదా, పర్వాలేదా?

టిక్‌టిక్ గుండె
నేను ఇచ్చాను అక్కా. వెళ్లే వారంలో ఐఎన్ఆర్ చూపించుకుని, రేంజిలో ఉందని డాక్టరు సరేనన్నాకే వెళ్లాం. కూర్చోగానే క్షురకుడితో "రక్తం ఆగని మందు వాడుతున్నాను, కాస్త మెల్లగా" అన్నాను. చెవి వెనక చిన్న గాటు పడింది, దూది పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే ఆగింది. ఆడవాళ్లయితే మూడు కత్తెరలు ఇస్తే చాలుగా?

పెద్దకూతురు
అదే చెప్పాను. "మొక్కింది గుండు, కత్తెరలు కాదు" అంటోంది. 14న టెస్టు, 17న ప్రయాణం.