సొంత లాభమా, స్వంత లాభమా? మానుకు దగ్గర ఆగిపోయిన ఫ్లెక్సీ

విజయనగరం నుంచి అడుగుతున్నవాణ్ణి: అందరికీ నమస్కారం. సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం, మా కాలేజీ పిల్లలు చిన్న మీటింగ్ పెడుతున్నారు. గురజాడ జయంతి 21న, అంటే దాదాపు అదే వారం, కాబట్టి ఫ్లెక్సీ మీద ఆయన పాదమే వేద్దామని నేనే పట్టుబట్టాను. ఫాంట్ కూడా గురజాడ పేరుతో ఉన్నదే, ఎవరైనా వాడుకుని మార్చుకుని పంచుకోవచ్చని లైసెన్స్ ఇచ్చి వదిలిన ఫాంటు. అంతా బాగుంది, తీరా షాపులో కూర్చుని చెప్తుంటే నా నోట్లోంచి "సొంత లాభం కొంత మానుకొని" అని వచ్చింది, టైపు చేసే కుర్రాడు చెయ్యి ఆపి "సార్ మానుకొనియా, మానుకా? సొంతమా, స్వంతమా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి పాడుతున్న పాట, ఒక్కసారిగా ఏదీ నమ్మకంగా చెప్పలేకపోయాను. సాయంత్రానికి ప్రింటుకి వెళ్ళాలి.

బొబ్బిలి మాస్టారు: మానుకొని కానే కాదు బాబూ, గతి చూడండి, అంటే మాత్రల వరస. మూడు నాలుగు, మూడు నాలుగు. స్వంత మూడు, లాభం నాలుగు, కొంత మూడు, మానుకు నాలుగు. మానుకొని అంటే అయిదు మాత్రలయిపోయి కాలు జారుతుంది. పైకి చదివితే చెవికే తెలిసిపోద్ది, లెక్క కూడా అక్కర్లేదు.

చీపురుపల్లి అప్ప: మాస్టారు మానుకు సంగతి తేల్చారు సరే, అసలు అడిగింది మొదటి అక్షరం కదా. సొంత అన్నా స్వంత అన్నా మూడే మాత్రలు, గతి ఏ సాయమూ చెయ్యదు. నా ఓటు సొంతకే. సొంత, కొంత అని పక్కపక్కన పలికి చూడండి, సొం కొం అని గంట కొట్టినట్టు కలుస్తాయి. స్వంత అంటే ఆ మోత పోతుంది. అంత చెవి ఉన్న మనిషి ఆ జోడీని వదులుకుంటాడా? (మా బడిలో ఒక గుంటడు "మానుకు అంటే సిరిమానుకా టీచర్" అని అడిగాడు ఒకసారి. పైడితల్లి ఊళ్ళో పుట్టిన పిల్లడికి మాను అంటే అదే మరి. నాకు చాలా ముచ్చటేసింది.)

బొబ్బిలి మాస్టారు: అమ్మా, చెవికి బాగుందని పాఠం మార్చేస్తే ఎలా. నేను చదువుకున్న ప్రతుల్లో స్వంత అనే ఉంది. 1913 నాటి కృష్ణాపత్రికలో ఎలా అచ్చయిందో చూసినవాళ్ళు చెప్తే అదే ప్రమాణం.

ఆమదాలవలస నుంచి: మానుకు అన్నది అచ్చం మనవైపు మాట అని నా గట్టి నమ్మకం. పట్టుకు పో, తీసుకు రా, మానుకు తోడుపడు. కొని అనేది కు అయిపోవడం మన నోళ్ళలో రోజూ వినపడేదే. ఛందస్సు కోసం కుదించలేదు, ఇంట్లో మాట్లాడినట్టు రాశాడంతే. ఇక స్వంత అంటారా, అది సంస్కృతం వేషం వేసుకున్న మాట, తమిళంలో సొందం ఉంది చూడండి.

టెక్కలి కోడింగ్: పెద్దలు క్షమించాలి, నాకు అక్షరం కంటే అర్థం దగ్గర ఇబ్బంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్, ప్రోగ్రాం వాడేవాళ్ళకి ఉండాల్సిన నాలుగు స్వేచ్ఛల్ని సున్నా నుంచి లెక్కపెట్టాడు కదా, అందులో 2వది పంచుకునే స్వేచ్ఛ. దాని పాత వాక్యంలో పొరుగువాడికి సాయపడడానికి అనే ఉండేది, తర్వాత ఇతరులకు అని మార్చారు. అక్కడివరకు గురజాడ పాదం అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. కానీ కొంత మానుకు ఎక్కడ కుదురుతుంది? నా దగ్గరున్న ప్రోగ్రాం మీకు కాపీ చేసి ఇస్తే నాది నాకు అలాగే ఉంటుంది. బస్తాలోంచి బియ్యం కొలిచి ఇచ్చినట్టు కాదు. ఏమీ మానుకోకుండానే తోడుపడే వీలున్న చోట మానుకోమని బోర్డు పెడితే పిల్లలకి ఇదేదో త్యాగం, దానధర్మం అనిపించదా?

బొబ్బిలి మాస్టారు: ఆ మాటకొస్తే మీకు కావల్సింది ఏనుగు లక్ష్మణకవి. విద్య అనే ధనం గురించి "పూర్తిగ నిచ్చినన్ బెరుగు" అన్నాడు కదా. కొంత కాదు, పూర్తిగా ఇచ్చినా పెరిగేది. ఫ్లెక్సీ మీద అది వేయండి.

చీపురుపల్లి అప్ప: మాస్టారూ, ఆ పద్యంలో ఇచ్చేవాడు పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కింద చెయ్యి చాపుతాడు. పొరుగువాడు అనే మాటలో ఆ ఎత్తుపల్లాలు లేవు, ఈ గోడకి ఇటు నేను అటు నువ్వు. అందుకే నాకు ఉచిత సాఫ్ట్‌వేర్ అని రాస్తే ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషోళ్ళకి స్వేచ్ఛకీ ఉచితానికీ ఫ్రీ అని ఒకటే మాట కాబట్టి ఇన్నేళ్ళుగా వివరణలు ఇచ్చుకుంటున్నారు, మనకి రెండు మాటలు విడివిడిగా ఉంచుకుని ఏరికోరి తప్పుదాన్ని రాస్తామా? స్వ ఇచ్ఛ. తన ఇష్టం తనది. డబ్బు ఊసే లేదు.

డీటీపీ తమ్ముడు: నేను ఛందస్సు తెలిసినవాణ్ణి కాదు, నా గోడు ఒకటి చెప్తాను. మా నాన్న పదేళ్ళు ఒక చిన్న పత్రిక కంపోజ్ చేశారు. ఆ రోజుల్లో కొన్న తెలుగు సాఫ్ట్‌వేర్‌కి కంప్యూటర్ వెనకాల బొటనవేలంత డాంగిల్ గుచ్చాలి, అది ఉంటేనే తెరుచుకునేది. డాంగిల్ పాడైంది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వెర్షన్ ఎప్పుడో ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. పాత ఫైలుని మామూలు ఎడిటర్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కొమ్ముల మీద చుక్కలు. మా నాన్న కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన చేత్తో కొట్టిన మాటలే అవి, ఆయనే చదవలేకపోయారు. డబ్బులు పెట్టి కొన్నాం కదా, దొంగ కాపీ కూడా కాదు. అప్పటినుంచి నేను ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్‌లో తప్ప పని చెయ్యను, పోతన 2000 జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఇచ్చిన ఫాంటు అని తెలిసాక దాన్నే వాడుతున్నా.

ఆమదాలవలస నుంచి: తమ్ముడూ, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. స్టాల్‌మన్ కథ కూడా ప్రింటర్ దగ్గరే కదా మొదలయింది. ఎంఐటీ ల్యాబులో పాత ప్రింటర్‌కి కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా ప్రోగ్రాం మార్చుకున్నాడు, కొత్తది వచ్చింది, దాన్ని అలా మార్చుకోడానికి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, లేదు. కోడ్ ఉన్నాయన్ని అడిగితే ఎవరికీ ఇవ్వనని మాటిచ్చేశాను అన్నాడు. పొరుగువాడికి తోడుపడనని సంతకం పెట్టడమంటే అదే. 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటన దాకా నడిపించింది ఆ బాధే.

టెక్కలి కోడింగ్: నేను పైన రాసింది కొంచెం వెనక్కి తీసుకుంటున్నా, అప్పటినుంచీ కొంత అనే మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. 1985లో స్టాల్‌మన్ ఈమాక్స్ అనే తన ఎడిటర్ ప్రోగ్రాం టేపుని 150 డాలర్లకి అమ్మాడు. అమ్ముకోవడం తప్పు కాదు, లాభమూ తప్పు కాదు. జీపీఎల్ కింద ప్రోగ్రాం ఇచ్చే మనిషి కాపీరైటు కూడా వదులుకోడు, దాన్ని చేతిలోనే ఉంచుకుంటాడు, తర్వాతి మనిషికి తాళం వెయ్యననీ, ఆ తర్వాత చేతులు మారినా ఎవరూ వెయ్యకూడదనీ రాసిపెడతాడు. అంటే మానుకునేది ఆ తాళం మీద వచ్చే లాభం ఒక్కటే. అదే కొంత! గురజాడ లాభం మానుకు అనలేదు చూడండి, కొంత మానుకు అన్నాడు. డీటీపీ అన్న వాళ్ళ నాన్నగారికి ఆ కంపెనీ ఆ కొంత మానుకుని ఉంటే చాలు కదా. కాబట్టి పాదం సరిపోతుంది, వేసేయండి.

బొబ్బిలి మాస్టారు: కొంత మీద ఇంత పని ఉందని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు నాయనా. గతి పూరించే మాటగానే పాఠం చెప్పేశాను. ఒప్పుకుంటున్నాను.

చీపురుపల్లి అప్ప: గురజాడని అంటున్నారు గాని నాకైతే ఈ విషయంలో గిడుగు వారే ముందు గుర్తొస్తారు. పర్వతాలపేటలో పుట్టి, సవరల భాష వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు రాసి బడి పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే ఆ డబ్బుతో సవరల బడి నడపండి అన్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. భాష ఎవరు మాట్లాడితే వాళ్ళదే, పండితుల బీరువాలో ఉంచి తాళం వేసేది కాదని ఆయన చేసిన పోరాటమే కదా ఇదీ.

ఆమదాలవలస నుంచి: శ్రీకాకుళం వాళ్ళ పేరు ఎత్తినందుకు సంతోషం అప్పా. ఆయన సవర పదాల గురించి వేరే చర్చ పెడదాం, నా దగ్గర చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

విజయనగరం నుంచి అడుగుతున్నవాణ్ణి: అందరికీ దండాలు. మానుకు ఖాయం, కొంత అక్షరాలు మిగతావాటికంటే పెద్దవి చేయించాను. మొదటి మాట మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది, షాపు కుర్రాడు ఏడు గంటలకి మూసేస్తానంటున్నాడు. సొం వెయ్యమంటారా, స్వం వెయ్యమంటారా?

బొబ్బిలి మాస్టారు: స్వం.

చీపురుపల్లి అప్ప: సొం. కొంత పెద్దగా వేశారంటున్నారు, ఇంకా దాని జోడీని విడదీస్తారా?

డీటీపీ తమ్ముడు: అన్నా, రెండో పాదం కూడా ఒకసారి చూస్కోండి. పొరుగువాడికి అని కొట్టించారా, పొరుగువానికి అనా? మా నాన్న వానికి అంటున్నారు.