ఉగాది వాలంటీర్లు: ఆటిజం టాక్, క్వైట్ రూమ్

కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. పిట్స్‌బర్గ్ ఉగాది ప్రోగ్రాంలో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకు ముందు ఆటిజం మీద పదిహేను నిమిషాల టాక్ ఉంది. స్లైడ్లు పంపాను, చూసి చెప్పండి. పార్కింగ్ దగ్గర ఇంకా ఇద్దరు కావాలి.

రిజిస్ట్రేషన్ డెస్క్: అక్కా, మూడో స్లైడ్‌లో ‘ఆటిజం పిల్లల మెదడులో కనెక్షన్లు తక్కువ’ అని ఉంది. మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట వినడం నా వల్ల కాదు. తీసేయండి.

స్లైడ్లు: సారీ అక్కా. నేను కల్పించింది కాదు. 2004లో మన ఊళ్ళోనే, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్సెల్ జస్ట్ అనే సైంటిస్టు బృందం, వాక్యాలు చదివిస్తూ ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్) తీసింది. మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు జతగా పనిచేయడం ఆటిజం ఉన్నవాళ్ళలో తక్కువగా కనిపించింది. మన ఊరిదే కదా అని పెట్టాను.

స్పీకర్: తమ్ముడూ, పేపర్ నిజమే, తర్వాత చాలా జరిగింది. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పిల్లల స్కాన్లు చూస్తే కనెక్టివిటీ ఎక్కువగా వచ్చింది! అసలు అక్కడ ‘కనెక్షన్’ అంటే వైరు కాదు. రెండు చోట్ల రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులు కలిసి నడుస్తున్నాయా అన్న లెక్క. స్కానర్‌లో తల ఒక మిల్లీమీటరు కూడా కదలక్కర్లేదు, అంతకన్నా తక్కువ కదిలినా దూరపు లింకులు తగ్గినట్టు, దగ్గరివి పెరిగినట్టు చూపిస్తుంది. 2012లో ఇది బయటపడ్డాక పాత ఫలితాలెన్నో మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ స్కానర్ చప్పుడులో కదలకుండా పడుకోమంటే పెద్దవాళ్ళకే కష్టం, ఇక పిల్లలెంత!

తర్వాత అబైడ్ అని 17 చోట్ల నుంచి 1112 మంది స్కాన్లు కలిపారు. 539 మంది ఆటిజం ఉన్నవాళ్ళు. వాళ్ళలో తగ్గిన లింకులే ఎక్కువ, పెరిగినవీ ఉన్నాయి. ఏదైనా గుంపు సగటే. ఒక్క పిల్లాడి స్కాన్ చూసి ఆటిజం అని తేల్చలేం. అది ఇప్పటికీ ప్రవర్తన, ఎదుగుదల చూసి చెప్పేదే. స్లైడ్‌లో ‘తక్కువ’ తీసి ‘తేడాగా, మనిషిమనిషికీ వేరుగా’ అని రాయి.

రిజిస్ట్రేషన్ డెస్క్: అలా అయితే సరే అన్నా. మరి పిల్లలు చప్పుడుకి దూరంగా కూర్చునే క్వైట్ రూమ్? గ్రీన్ రూమ్ పక్కన ఇచ్చారు. అవతల డప్పుల రిహార్సల్! పోయినసారి మావాడు చెవులు మూసుకుని కార్లోనే కూర్చున్నాడు, పులిహోర కూడా కార్లోనే.

సౌండ్: వదినా, స్టేజీ వెనక స్పీకర్లు ఆపేస్తాను. డప్పులవాళ్ళని మాత్రం నేను ఆపలేను.

కోఆర్డినేటర్: రూమ్ రెండో అంతస్తుకి మార్చాను. లైట్లు తగ్గించి, రెండు చాపలు వేద్దాం. తలుపు దగ్గర ఎవరుంటారు? పార్కింగ్‌కి ఇంకా ఇద్దరు కావాలి, ఎవరూ పలకలేదు.