నాన్న కబుర్లు ఆగకుండా టీ వగరెక్కకుండా చూడడం ఎలా?

అమ్మ పోయాక నాన్న మాటలు బాగా తగ్గించేశారు. ఒక సాయంత్రం ఏమీ తోచక, "టీ ఎలా పెట్టాలో నేర్పండి నాన్నా" అన్నాను. నాకు రాక కాదు, ఆయన కుర్చీలోంచి లేవాలని. లేచారు. అప్పటినుంచి రోజూ పొయ్యి దగ్గర ఇద్దరమూ నిలబడుతున్నాం. నీళ్లు కాగేలోపు ఆయన చెప్పే చిన్ననాటి సంగతులు నేను ఇన్నేళ్లలో ఒక్కటీ వినలేదు.

ఈమధ్య మా అబ్బాయి కూడా చేరాడు. వాడికి పదమూడేళ్లు. చిక్కు అక్కడే మొదలైంది. వాడికి పలుచగా కావాలి, తాతయ్యకు చిక్కగా. పైగా నాన్న ఆకు వేసి కథలో పడిపోతారు. గరిటె గాలిలోనే ఉంటుంది, గిన్నె మరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు మరిగితే ఆకులోని టానిన్లు అనే వగరు పదార్థాలు దిగి టీ వగరెక్కుతుంది కదా! మూడు నుంచి ఐదు నిమిషాలు చాలని ఫోనులో అలారం పెట్టాను. అది మోగింది, కథ ఆగిపోయింది. ఆ రోజు మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ అలారం తీసేశాను లెండి.

ఆయనను తొందరపెట్టకుండా, తప్పు పట్టినట్టు కాకుండా ఆకును సమయానికి బయటికి తీసే ఉపాయం ఎవరికైనా తెలుసా? చిక్కదనం కోసం సేపు పెంచకుండా ఆకే ఎక్కువ వేసి, అబ్బాయి కప్పులో వేడినీళ్లు కలిపితే రుచి నిలుస్తుందా? వేరువేరు గిన్నెలు పెట్టమని మాత్రం చెప్పకండి. ముగ్గురం ఒకే గిన్నె చుట్టూ ఉండాలి.