వర్జిల్ పాదంలో పొల్లుంది, అయినా లఘువెట్లయింది?

అందరికీ నమస్తే. మా అక్క బిడ్డ ఇంగ్లాండులో బడిలో లాటిన్ చదువుతోంది. ఎండాకాలం సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు నా దగ్గర కందం నేర్చుకుంది. ఆ ధైర్యంతో లాటిన్ కవి వర్జిల్ రాసిన ‘ఈనిడ్’ కావ్యం మొదటి పాదానికి తనే గురులఘువులు పెట్టేసింది.

అర్మ విరుమ్‌క్వె కనో, ట్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్

‘యుద్ధాన్నీ, ట్రాయ్ తీరం నుంచి మొదటగా వచ్చినవాణ్ణీ పాడుతున్నాను’ అని భావం. ‘ముస్’, ‘అబ్’ రెండింటికీ పొల్లుంది కాబట్టి గురువులు అంటుంది పిల్ల. వాళ్ల టీచర్ లఘువులే అన్నారట. ఎట్ల?

జవాబు: అమ్మా, పక్కనే అచ్చు వస్తుంటే ఇంక పొల్లెక్కడిది? కలిపి చదవమను: ప్రీముసబోరీస్. ము, స లఘువులైపోయినయి. ‘రుమ్’ తర్వాత హల్లుంది కాబట్టి అది గురువే.

మొత్తం విడగొడితే: అర్మవి (భ), రుమ్‌క్వెక (భ), నోట్రో (గగ), యైక్వీ (గగ), ప్రీముస (భ), బోరీస్ (గగ). 6 గణాలు, 15 అక్షరాలు. దీన్ని హెక్సామీటర్ అంటారు. ఉత్పలమాలలాగా అక్షరాలు ఇన్నే ఉండాలని లేదు. పిల్ల కందంతో మొదలుపెట్టడం మంచిదైంది. కందంలో గగ, భ, జ, స, నల, అన్నీ 4 మాత్రల గణాలే కదా. వాటిలో భ, గగ రెండే ఇక్కడ చెల్లుతాయి. మొదటి నాలుగు చోట్ల ఏదైనా సరే, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే, ఆఖరిది గగ. పాదం చివర లఘువున్నా గురువు కిందే లెక్క.

మన బమ్మెర పోతన ‘పలికెడిది భాగవతమట’ తీసుకోండి: నల, జ, నల. ఒక్కటీ అక్కడ చెల్లదు! ప్రతి గణం గురువుతోనే మొదలు కావాలి వాళ్లకు.

ఇంకొకరు: సార్, యతిప్రాసలు?

జవాబు: ప్రాస నియమం లేదు. యతి ఉంది కానీ మనలాగా అక్షరమైత్రి కాదు, సంస్కృతంలోలాగా విరామం. మూడో గణం మధ్యలో ‘కనో’ దగ్గర మాట తెగింది చూడండి.

మళ్లీ నేనే: మీ జవాబు చూపిస్తే మూడో పాదం పంపింది సార్. ‘లీటొర, ముల్టుమ్ ఇల్లె ఎట్ టెర్రీస్ యక్టాటుస్ ఎట్ అల్టో’. రెండక్షరాలు ఎక్కువొస్తున్నాయని ఒకటే టెన్షన్.

జవాబు: అక్కడ సంధి ఉంది. మనం సంధి చేసి రాస్తాం, వాళ్లు విడివిడిగా రాసి చదివేటప్పుడు చేస్తారు. ‘ముల్టిల్లెట్’ అని చదవమను. ‘ఇల్లె’ చివర ఎత్వం పోవడం మనకు తెలిసిన సంగతే. ‘ముల్టుమ్’లో మకారంతో సహా ‘ఉమ్’ పోవడమే వింత. మాట చివరి మకారాన్ని వాళ్లు గట్టిగా పలికేవాళ్లు కాదు, అచ్చును కొంచెం ముక్కుతో అనేవాళ్లు. ఇంచుమించు మన అరసున్న.