వానాకాలంలో కీర దోసకి ఆకు ఎండిపోతోంది, తెగులు తట్టుకునే పాత రకం ఏదైనా ఉందా?

పర్లాకిమిడి పెరడు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంటి వెనక కొద్దిపాటి జాగాలో బీర, కాకర, ఆనప బాగానే కాస్తున్నాయి గానీ, పచ్చిగా కోసుకు తినే కీర దోస మాత్రం జూలై వానలు పట్టాయంటే నిలవడం లేదు. ఆకు మీద ఈనెల మధ్య గళ్లుగళ్లుగా పసుపు మచ్చలు, తర్వాత ఆకంతా గోధుమ రంగులోకి వచ్చి ముడుచుకుపోతుంది, కాయలు దిగే వేళకి తీగ మోడు. హైబ్రిడ్ విత్తనం నాకు వద్దు, ప్రతి పంటకీ కొనాలి. విత్తనం మనమే ఉంచుకోగలిగే పాత రకం కావాలి. ఆన్‌లైన్‌లో స్ట్రెయిట్ ఎయిట్, మార్కెట్‌మోర్ 76, పాయిన్‌సెట్ కనిపిస్తున్నాయి, మన వానలకి ఏది ఆగుతుంది? ఇంకోటి, పక్కనే పసుపు కూర దోస పాదు ఉంది, రెండూ కలిసిపోయి విత్తనం చెడిపోతుందని మా అత్తగారి భయం. నిజమేనా?

గుణుపూర్ రైతుబిడ్డ:
అక్కా, మీరు చెప్పిన గళ్ల మచ్చలు బూజు తెగులే. తెల్లారగానే ఆకు తిప్పి చూడండి, అడుగున ఊదా బూడిద రంగులో సన్నటి నూగు కనిపిస్తుంది. ఆకు పైన పిండి చల్లినట్టు తెల్లగా వస్తే అది బూడిద తెగులు, దాని దారి వేరు.

ఇక రకం సంగతి. పాత రకం కాబట్టి తెగులు తట్టుకుంటుందని అనుకోకండి, ఇది చాలామంది నమ్మే మాట గానీ నిజం కాదు. స్ట్రెయిట్ ఎయిట్ 1935లో అమెరికాలో బహుమతి పొందిన రకం, రుచికి వంక పెట్టలేం, కానీ బూజు తెగులుని ఆపే బలం దానికి లేదు. మార్కెట్‌మోర్ 76 కార్నెల్ యూనివర్సిటీలో హెన్రీ మంగర్ తయారుచేసింది, మొజాయిక్ అనే వైరస్ తెగులునీ బూడిద తెగులునీ బాగా తట్టుకుంటుంది. మన వానాకాలానికి నేనైతే పాయిన్‌సెట్ వేస్తాను. ఇది 1960ల్లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో వచ్చిన సూటి రకం, అంటే హైబ్రిడ్ కాదు, మీ విత్తనం మీరే ఉంచుకోవచ్చు. బూజుని తట్టుకునే గుణం దానికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? మన దేశం నుంచి వెళ్లిన ఒక నాటు దోస నుంచి. అక్కడి విత్తన నిల్వలో దాని నంబరు పిఐ 197087. నాకు ఇది తలుచుకుంటే ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

అయితే 2004లో అమెరికాలో బూజు కొత్త రూపంలో వచ్చాక ఆ గుణం అంతకుముందులా పనిచేయలేదు. తట్టుకోవడం అంటే తెగులు అసలు రాకపోవడం కాదక్కా, ఆలస్యంగా వచ్చి నెమ్మదిగా పాకడం. ఆ వ్యవధిలో మీ కాయలు మీకు దక్కుతాయి.

బరంపురం మేడతోట:
రకం ఎంత మంచిదైనా ఆకు తడిగా ఉంటే బూజు ఆగదండి. నేల మీద పాకనివ్వకుండా నిటారుగా పందిరి కట్టండి, గాలి ఆడాలి, వానకి ఎగిరిన మట్టి ఆకుకి తగలకూడదు. తిత్లీ లాంటి తుఫాను చూసిన జిల్లా మీది, కర్రలు లోతుగా పాతండి. నీళ్లు పొద్దున్నే పాదు మొదట్లో పోయండి, సాయంత్రం ఆకుల మీద చల్లొద్దు. బూడిద తెగులు కనిపిస్తే ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎండ ఉన్న పూట కొట్టండి. గంధకం మాత్రం వద్దు, దోస జాతి ఆకు మాడిపోతుంది.

రాయగడ పెద్దమ్మ:
చెల్లెమ్మా, మీ అత్తగారికి ధైర్యం చెప్పు. కూర దోస కర్బూజా జాతిది, దానికి 24 క్రోమోజోములు, కీరకి 14, రెండూ కలవవు. కలిసేది వేరే కీర రకంతోనే, పక్కింటి పాదు మీద వాలిన తేనెటీగ చాలు. అందుకని విత్తనానికి ఉంచే పువ్వుని ముందురోజు సాయంత్రమే దారంతో కట్టెయ్యి, దానికి అడుగున బుల్లి పిందె ఉంటుంది, అదే ఆడపువ్వు. అదే రకం మగపువ్వుని కూడా కట్టి ఉంచి, పొద్దున్నే పుప్పొడి అద్ది మళ్లీ కట్టు. ఆ కాయ పసుపు దాటి ముదురు రంగుకి వచ్చేదాకా తీగకే వదిలెయ్యి, తర్వాత గుజ్జుతో సహా గింజల్ని 2, 3 రోజులు నానబెట్టి, తేలినవి పారబోసి, మునిగినవి కడిగి నీడన ఆరబెట్టు.

నా మాట ఒకటి విను, పాయిన్‌సెట్‌తో పాటు సంతలో ఒడియావాళ్లు అమ్మే నాటు కాకుడి, అంటే వాళ్ల కీర దోస, విత్తనం కూడా అడిగి తెచ్చుకో. కొండ వాలుల్లో మందు లేకుండా వానలోనే పెంచినవాళ్ల దగ్గరైతే మరీ మంచిది. ఒకే ఏడు రెండూ వేస్తే విత్తనానికి కట్టుకున్న పువ్వులే వాడు. ఆకు ఆఖరిదాకా పచ్చగా నిలిచిన పాదుల నుంచే కాయ ఉంచు, మొదట కాసిన పాదు కదా అని మోజు పడకు. మొజాయిక్ వచ్చి ఆకు ముడతపడిన పాదు నుంచి వద్దే వద్దు.

పర్లాకిమిడి పెరడు:
చాలా థాంక్సండి, పెద్దమ్మా, అత్తగారికి చదివి వినిపించాను. పాయిన్‌సెట్ ఆర్డర్ పెట్టాను, కాకుడి కోసం సంతలో అడుగుతాను. తెగులు పట్టిన ఆకుల్ని ఎరువు గుంటలో వేయొచ్చా?

గుణుపూర్ రైతుబిడ్డ:
బూజు బతికున్న ఆకు మీదే బతుకుతుంది అక్కా, ఆకు ఎండితే అదీ పోతుంది. కానీ కాయ మీద గుంటలు పడే మచ్చ తెగులు ఎండిన చెత్తలో కూడా నిలిచి ఉంటుంది. రెండూ కలిసి ఉన్నాయేమో మనకి తెలియదు కదా, దోస ఆకులు గుంటలో వెయ్యకుండా కాల్చెయ్యండి. వచ్చే ఏడు ఆ మడిలో దోస జాతి కాకుండా వంగో బెండో వెయ్యండి.