నీళ్ళలో ఫొటోలన్నీ నీలంగా, చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి

పటమట_చేప: స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ (మొదటి కోర్సు) అయింది, 6 డైవ్‌లు. వచ్చే నెల అండమాన్‌లోని హావ్‌లాక్. టీజీ-6 కెమెరా, హౌసింగ్ (నీళ్ళు చొరబడని పెట్టె), ఒక స్ట్రోబ్ (బయటి ఫ్లాష్) ఉన్నాయి. ముందు ఏం సరిచేసుకోవాలి?

బ్రాడీపేట_బుడగ: దూరం. ఎరుపు రంగు 5 మీటర్ల లోతుకే చాలావరకు పోతుంది. లోతొక్కటే లెక్క కాదండి. 8 మీటర్ల లోతులో 2 మీటర్ల అవతలున్న చేపంటే వెలుతురు 10 మీటర్ల నీళ్ళు దాటి వచ్చినట్టే. పైగా నీళ్ళలో ఏదైనా అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దగ్గరికొచ్చామనుకున్నాక ఇంకాస్త వెళ్ళండి. మీటరు లోపు ఉండాలి. స్ట్రోబ్ వాడకపోతే తెల్ల పలక చూపించి ప్రతి 3-4 మీటర్లకీ వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) మార్చాలి. స్ట్రోబ్ వేస్తే, లెన్స్ మీద ఎర్ర ఫిల్టర్ ఉంటే తీసేయండి.

కృష్ణలంక: ఆ చుక్కలు బ్యాక్‌స్కాటర్. స్ట్రోబ్ లెన్స్ పక్కనే ఉంటే మధ్యలో ఉన్న నలక ముందు వెలుగుతుంది. స్ట్రోబ్‌ని పట్టి ఉంచే ఆర్మ్‌ని బాగా పక్కకి చాపి, స్ట్రోబ్‌ని కాస్త బయటికి తిప్పండి. వెలుగు అంచు మాత్రమే చేప మీద పడాలి. కెమెరా సొంత ఫ్లాష్, స్ట్రోబ్‌ని వెలిగించే ఫైబర్ కేబుల్‌కి అందితే చాలు, బయటికి రాకుండా మూసెయ్యండి. అడుగున ఇసుక రేపేది మాత్రం మీ కాలి ఫిన్సే.

అరండల్‌పేట: హౌసింగ్ మూత దగ్గరుండే రబ్బరు ఓ-రింగ్ తీయడానికి పిన్నీసు వద్దు, గీత పడితే నీళ్ళొస్తాయి. ఏటీఎం కార్డు అంచు చాలు. గ్రీజు బియ్యపు గింజంత, అదీ హౌసింగ్ కంపెనీ చెప్పిందే. నీళ్ళని ఆపేది రింగు, గ్రీజు కాదు. ఎక్కువైతే వెంట్రుకా ఇసుకా అంటుకుంటాయి. మొదట కెమెరా లేకుండా టిష్యూ పెట్టి దింపి చూడండి. హౌసింగ్‌ని ఏసీ గదిలోనే మూయండి. మన బెజవాడ లాంటి ఉక్కలో మూస్తే లోపలి తేమ చల్లటి నీళ్ళలో అద్దానికి పడుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యండి.

పటమట_చేప: పున్నమి ఘాట్ దగ్గర ప్రాక్టీసు చేయొచ్చా?

కృష్ణలంక: వద్దు బ్రదర్. బురద నీళ్ళు, పైగా ప్రవాహం. స్విమ్మింగ్ పూల్‌లో మాస్కు పెట్టుకుని అడుగున స్టీలు గ్లాసు పెట్టి తీయండి. కొండపల్లి బొమ్మ మాత్రం వద్దు: తెల్ల పొణికి తేలుతుంది, రంగూ పోతుంది.

బ్రాడీపేట_బుడగ: 6 డైవ్‌లే అంటున్నారు కాబట్టి, హావ్‌లాక్‌లో మొదటి రెండు డైవ్‌లకీ కెమెరా బోటులోనే ఉంచండి. చేతులు కట్టుకుని, ఫిన్ ఆడించకుండా నిమిషం పాటు ఒకేచోట నిలవగలిగితే అప్పుడు తీసుకెళ్ళండి. ఫ్రేము కోసం ఊపిరి బిగపట్టొద్దు, పైకి తేలితే ఊపిరితిత్తులకి ప్రమాదం. రెండు ఫొటోలకోసారి గాలి గేజ్ చూసుకోండి.

అరండల్‌పేట: విడి బ్యాటరీలు గన్నవరంలో చెక్-ఇన్ బ్యాగులో వేయకండి, చేతి సంచిలోనే. తిరుగు విమానానికి చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగండి.